స్వచ్ఛంద పర్యావరణ కార్యక్రమాలు: గోదావరి డెల్టాలో చిన్న వ్యాపారాలు

వ్యాపారి తన పని వల్ల నీటికి, గాలికి, నేలకు జరిగే చెరుపును చట్టం కోరినంతకు మించి తనంతట తాను తగ్గించుకునేందుకు తోడ్పడే ఏర్పాట్లను స్వచ్ఛంద పర్యావరణ కార్యక్రమాలు అంటారు. వీటిని ప్రభుత్వ శాఖ నడపవచ్చు, పరిశ్రమల సంఘం నడపవచ్చు, సరుకు కొనే విదేశీ సంస్థ నడపవచ్చు, ఊరి రైతుల సంఘమూ నడపవచ్చు. శిక్షణ, విద్యుత్తు తనిఖీ, రేటింగు, ధ్రువపత్రం, రాయితీ వీటి సాధనాలు. చేరడం, చేరకపోవడం యజమాని ఇష్టం.

పెద్ద కర్మాగారాల కోసం మొదలైన ఈ పద్ధతి అవసరం ఇప్పుడు ఎక్కువగా ఉన్నది చిన్న వ్యాపారాలకే. మిల్లులు, బట్టీలు, పీచు యూనిట్లు, ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల చెరువులు పక్కపక్కనే ఉండి ఒకే కాలువ నీటిని పంచుకునే గోదావరి డెల్టా ఇందుకు మంచి ఉదాహరణ. ఒంటరి యజమానికి ఇచ్చే సలహా కంటే, ఒకే నీటి మీద బతికేవాళ్లు కలిసి పెట్టుకుని, కొలతతో రాసుకున్న కట్టుబాటు ఎక్కువ కాలం నిలుస్తుందని ఇక్కడి అనుభవం చెబుతోంది.

ప్రాంతం

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్న కె.గంగవరం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడే వరకు ఇది తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. జిల్లా కోనసీమే అయినా, నేల లెక్కన ఈ మండలం గౌతమికి ఎడమ గట్టున, తూర్పు డెల్టాలో ఉంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఉన్న అసలు కోనసీమ లంక గౌతమికి, వసిష్ఠకు మధ్యన, ఆవలి ఒడ్డున ఉంటుంది. మండలంలోని కోటిపల్లి రేవు నుంచి ఆవలి ముక్తేశ్వరానికి దాటుతారు. కోటిపల్లిలో సోమేశ్వరాలయం ఉంది. కాకినాడ నుంచి వచ్చే రైలు మార్గం చివరి స్టేషనూ కోటిపల్లే.

ఇక్కడి సాగంతా ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువల మీద ఆధారపడింది. 1852లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక అల్లుకున్న ఈ కాలువలు రెండు రకాలు: పంట కాలువలు, మురుగు కాలువలు. పంట కాలువ పొలానికి నీరిస్తే, మురుగు కాలువ పొలం వదిలిన నీటిని కిందికి మోసుకుపోతుంది. ఎగువ ఊరు వదిలిన మురుగే దిగువ ఊరి రేవులో తేలుతుంది. గౌతమి ఇక్కడి నుంచి యానాం మీదుగా సముద్రంలో కలుస్తుంది. ఆ ముఖద్వారంలోనే కోరింగ మడ అడవులు ఉన్నాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవికి చేరే నీటిలో డెల్టా ఊళ్ల వ్యాపారాలు వదిలినదంతా కలిసి ఉంటుంది.

విడిగా చూస్తే ఇక్కడి వ్యాపారాల్లో ఏదీ పెద్ద కాలుష్యకారిగా కనిపించదు. ఒక ధాన్యం మిల్లు, ఒక ఇటుక బట్టీ, నాలుగెకరాల చెరువు దేనికది చిన్నదే. అన్నీ ఒకే మురుగు కాలువలో కలిసినప్పుడే భారం తెలుస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి అధికారులు ప్రతి గట్టు మీదా నిలబడలేరు. చట్టం చేయి అందని ఈ జాగాలోనే స్వచ్ఛంద కార్యక్రమాలకు పని ఉంది.

ప్రపంచంలో పుట్టుక

ఈ తరహా ఒప్పందాల్లో తొలి తరానికి చెందినది జపాన్‌లోని యొకొహామా నగరానిది. 1964లో ఆ నగరపాలక సంస్థ, కొత్తగా కట్టబోయే బొగ్గు విద్యుత్ కేంద్రంతో పొగ, దుమ్ము విషయంలో జాతీయ చట్టం కంటే గట్టి షరతులతో ఒప్పందం చేసుకుంది. ఆ నమూనా తర్వాత జపాన్ అంతటా వ్యాపించింది.

రెండో మలుపు మన నేల మీద జరిగిన ఘోరంతో వచ్చింది. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు వేల ప్రాణాలు తీసింది. రసాయన పరిశ్రమ మీద ప్రపంచమంతటా నమ్మకం పోయింది. 1985లో కెనడా రసాయన తయారీదారులు ‘రెస్పాన్సిబుల్ కేర్’ పేరిట తమకు తామే నియమావళి రాసుకున్నారు. తర్వాత అది అనేక దేశాలకు చేరింది.

1991లో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ‘33/50’ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. 17 విష రసాయనాల విడుదలను 1988 నాటి స్థాయి నుంచి 1992కల్లా 33 శాతం, 1995కల్లా 50 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. గడువుకు ఏడాది ముందే, 1994లో, లక్ష్యం నెరవేరింది. 1992లో విద్యుత్తు పొదుపు చేసే పరికరాలకు ‘ఎనర్జీ స్టార్’ ముద్ర వచ్చింది. ఐరోపా సమాఖ్య 1993లో ‘ఎమాస్’ నిబంధనలు తెచ్చింది. 1996లో వెలువడిన ఐఎస్‌ఓ 14001 ప్రమాణంతో కర్మాగారం తన పర్యావరణ నిర్వహణను ఒక క్రమంలో పెట్టుకుని బయటివారి చేత తనిఖీ చేయించుకునే పద్ధతి ప్రపంచమంతటా ఒకే రూపానికి వచ్చింది.

భారతదేశంలో

1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం మన దేశంలో పునాదులు. వాటి మీద కట్టిన స్వచ్ఛంద కార్యక్రమాల్లో మొదటి వరసలోది 1991 నాటి ఎకోమార్క్. పర్యావరణానికి తక్కువ హాని చేసే సరుకుకు మట్టికుండ గుర్తు ఇచ్చే పథకమిది. అయితే తయారీదారులు పెద్దగా ముందుకు రాలేదు. 2024లో కొత్త నిబంధనలతో దాన్ని మళ్లీ నిలబెట్టారు.

చిన్న పరిశ్రమలకు బాగా నప్పిన ప్రయత్నం 1990ల మధ్యలో వచ్చింది. జాతీయ ఉత్పాదకతా మండలి, కేంద్ర పర్యావరణ శాఖ కలిసి ‘వృథా తగ్గింపు బృందాలు’ నడిపాయి. ఒకే సరుకు తయారుచేసే, దగ్గర దగ్గరగా ఉన్న కొద్దిపాటి యూనిట్ల యజమానులు ఒక బృందమవుతారు. ఒకసారి ఒకరి ఫ్యాక్టరీలో, మరోసారి ఇంకొకరి దాంట్లో కూర్చుని, నీరు ఎక్కడ కారుతోంది, ఆవిరి ఎక్కడ పోతోంది, ముడిసరుకు ఎక్కడ నేలపాలవుతోంది అని కళ్లారా చూస్తారు. పోటీదారులు ఒకరి గుమ్మం ఒకరు తొక్కడం ఈ పద్ధతిలోని అసలు బలం. అధికారి చెబితే అనుమానించే యజమాని, పక్క యజమాని కరెంటు బిల్లు చూస్తే నమ్ముతాడు.

2003 మార్చిలో సిమెంటు, చక్కెర, కాగితం, మందులు, డిస్టిలరీలు సహా ఎక్కువ కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమలతో పర్యావరణ బాధ్యత ఒడంబడిక కుదిరింది. 2006లో ఇంధన సామర్థ్య బ్యూరో ఫ్రిజ్‌లకు, ట్యూబ్‌లైట్లకు నక్షత్రాల ముద్ర తెచ్చింది. అప్పుడది ఐచ్ఛికం. తర్వాత కొన్ని పరికరాలకు దాన్ని తప్పనిసరి చేశారు. మొదట ఇష్టంగా అలవాటై, తర్వాత చట్టంగా స్థిరపడడం ఈ కార్యక్రమాల చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

తెలుగు నేల మీద దీనికి పెద్ద చిరునామా హైదరాబాదులోని సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, భారత పరిశ్రమల సమాఖ్య, పిరోజ్‌షా గోద్రెజ్ ఫౌండేషన్ కలిసి కట్టిన ఈ భవనాన్ని 2004 జులైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. హరిత భవనాలకు ఇచ్చే లీడ్ ప్లాటినం రేటింగును అమెరికా వెలుపల పొందిన తొలి భవనం ఇదే. వాడిన నీటిని మొక్కల వేళ్ల నడుమ పారించి శుద్ధి చేసి మళ్లీ అక్కడే వాడుకోవడం దాని ప్రత్యేకతల్లో ఒకటి. ఈ సంస్థ 2011 నుంచి ‘గ్రీన్‌కో’ రేటింగు ఇస్తోంది. విద్యుత్తు, నీరు, వ్యర్థాలు, ముడిసరుకు, సరఫరాదారులు ఇలా ఒక్కో అంశానికి మార్కులు వేసి ప్లాటినం ప్లస్ దాకా స్థాయిలు నిర్ణయిస్తారు. భద్రాచలం దగ్గర సారపాకలోని ఐటీసీ కాగితపు మిల్లు ఇందులో ప్లాటినం ప్లస్ అందుకుంది. అయితే ఇవి ఎక్కువగా పెద్ద సంస్థలకు అందే మెట్లు. డెల్టా ఊరి యజమానికి దారి వేరుగా పడింది.

రొయ్యల రైతుల సంఘాలు

గోదావరి జిల్లాల్లో ఈ పద్ధతి బాగా వేళ్లూనుకున్నది రొయ్యల సాగులో. 1990ల తొలి సగంలో డెల్టా తీరమంతా చెరువులు తవ్వారు. 1994 నుంచి తెల్లమచ్చ వ్యాధి వాటిని తుడిచిపెట్టింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో తీరప్రాంత రొయ్యల సాగు చేసే హానిని తీవ్రంగా ఎత్తిచూపింది. 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. చట్టం వచ్చినా వ్యాధి ఆగలేదు. కారణం తేలికగా అర్థమయ్యేదే. రోగం సోకిన చెరువు నీటిని రాత్రికి రాత్రి కాలువలోకి వదిలేస్తే, తెల్లారి పక్క రైతు మోటారు వేసి తోడుకునేది ఆ నీటినే.

సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ఎంపెడా, ఆసియా–పసిఫిక్ ఆక్వాకల్చర్ కేంద్రాల సమాఖ్య నాకా కలిసి, ఆ చట్టానికి ముందే, 2000 తర్వాత ఆంధ్ర తీరంలో చెరువులను పరిశీలించాయి. వ్యాధికి దారితీసే పనులేమిటో గుర్తించి, మెరుగైన యాజమాన్య పద్ధతుల జాబితా తయారుచేశాయి. 2002లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో కొద్దిమంది రైతుల చెరువుల్లో వాటిని ఆచరించి చూపాయి. ఫలితం చూసి చుట్టుపక్కల రైతులు చేరారు. ఈ ప్రయత్నమే 2007లో జాతీయ సుస్థిర ఆక్వాకల్చర్ కేంద్రం, అంటే నాక్సా, ఏర్పాటుకు దారితీసింది. దాని ప్రధాన కార్యాలయం కె.గంగవరానికి దగ్గర్లోని కాకినాడలోనే ఉంది.

నాక్సా పని సంఘాల ద్వారా సాగుతుంది. మన దేశంలో రొయ్యల రైతుల్లో 90 శాతానికి పైగా రెండు హెక్టార్ల లోపు వాళ్లే. ఒక్కొక్కరికి విడిగా ధ్రువపత్రం, పరీక్ష, నిపుణుడు అంటే మోయలేని ఖర్చు. అందుకే ఒకే కాలువ మీద ఉన్న రైతులు సంఘంగా చేరి కొన్ని కట్టుబాట్లు పెట్టుకుంటారు.

పంట పట్టాక చెరువును నేల నెర్రెలు విచ్చేదాకా ఎండబెట్టాలి. అడుగున పేరుకున్న నల్ల బురద తీయాలి. ఆ బురదను కాలువ గట్టున పోయకూడదు. నీరు పెట్టేటప్పుడు మోటారు గొట్టానికి సన్నకంత వల సంచి కట్టాలి, లేకపోతే వ్యాధిని మోసే పీతలు, చిల్లర చేపలు చెరువులోకి వస్తాయి. హేచరీ పిల్లను పీసీఆర్ పరీక్ష చేయించి, సంఘంలోని అందరూ ఒకే వారంలో వదలాలి. ఎవరి చెరువులో రొయ్య గట్టు పక్కకు చేరి నీరసంగా తిరిగినా ఆ మాట దాచకుండా సంఘానికి చెప్పాలి. శుద్ధి చేసేదాకా నీరు బయటికి వదలకూడదు. నిషేధించిన యాంటీబయాటిక్స్ ఏ పేరుతో వచ్చినా చెరువు దగ్గరికి రానివ్వకూడదు.

మేత విషయం దగ్గరగా చూడదగినది. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే. చెరువులో నాలుగు మూలలా చెక్‌ట్రేలు దించి, వాటిలో కాస్త మేత వేస్తారు. రెండు గంటల్లోపు ట్రే పైకి లాగి చూస్తారు. మేత మిగిలితే రొయ్య తినడం లేదని గుర్తు, తర్వాతి పూట తగ్గించాలి. ట్రే ఖాళీగా ఉండి రొయ్యల పేగు నిండుగా కనిపిస్తే సరిపోయినట్టు. ఈ లెక్క రాసుకోకుండా అంచనాతో బస్తాలు చల్లితే తినని మేత అడుగున కుళ్లి అమ్మోనియా అవుతుంది. దాంతో రొయ్యకు రోగం వస్తుంది. ఆ నీరే కాలువలో పడి నాచు పెరుగుతుంది. కిలో రొయ్యకు రెండు కిలోల మేత పట్టే చోట ఒకటిన్నర కిలోలతో సరిపెట్టిన రైతుకు డబ్బు మిగులుతుంది, కాలువలోకి కుళ్లు తక్కువ పోతుంది. స్వచ్ఛంద కార్యక్రమం నిలవాలంటే లాభం, నీటి మేలు ఇలా ఒకే పనిలో కలిసి రావాలి.

సంఘానికి బయటి నుంచి ఒత్తిడి కొనుగోలుదారు ద్వారా వస్తుంది. 2016లో ఐరోపా సమాఖ్య భారత ఆక్వా సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. యాంటీబయాటిక్ అవశేషాలే దానికి కారణం. అందుకే పట్టుబడికి ముందు నమూనా పరీక్ష మామూలైంది. అమెరికా కొనుగోలుదారులు అడిగే బీఏపీ ధ్రువీకరణలో హేచరీ, మేత ఫ్యాక్టరీ, చెరువు, శుద్ధి కర్మాగారం నాలుగింటికీ నాలుగు నక్షత్రాలు. 2010లో ఏర్పడిన ఆక్వాకల్చర్ స్టివార్డ్‌షిప్ కౌన్సిల్ మడ అడవులను, కూలీల హక్కులను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఎంపెడా ‘శఫరి’ పేరుతో సొంత ధ్రువీకరణ ప్రకటించింది. మంచి పద్ధతులు పాటించే హేచరీలకు, చెరువులకు గుర్తింపునిచ్చి యాంటీబయాటిక్ లేని పిల్లను, రొయ్యను ప్రోత్సహించడం దాని ఉద్దేశం.

ఐసు ఫ్యాక్టరీలు, మిల్లులు, బట్టీలు

పట్టిన రొయ్యకు వెంటనే ఐసు కావాలి. భీమవరం చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీలు గుంపుగా ఉన్నాయి. 11వ పంచవర్ష ప్రణాళిక కాలంలో ఇంధన సామర్థ్య బ్యూరో చిన్న పరిశ్రమల కోసం ఎంచుకున్న సముదాయాల్లో ఈ ఐసు ఫ్యాక్టరీలు ఒకటి. వరంగల్లు బియ్యం మిల్లులు, తూర్పు పశ్చిమ గోదావరి జిల్లాల రిఫ్రాక్టరీ ఇటుకల యూనిట్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. నిపుణులు ఫ్యాక్టరీలకు వెళ్లి, కరెంటు ఎక్కడ ఖర్చవుతోందో కొలిచి, ఆ సముదాయానికి సరిపోయే చేతిపుస్తకాలు తయారుచేశారు.

ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా కంప్రెసరే పెద్ద ఖర్చు. డెల్టా నీటిలోని లవణాలు కండెన్సరు గొట్టాలకు తెల్లటి పొరగా పడతాయి. ఆ పొర మందమైన కొద్దీ వేడి బయటికి పోక కంప్రెసరు ఎక్కువ కరెంటు లాగుతుంది. గొట్టాలు వేళకు శుభ్రం చేయడం, ఉప్పునీటి తొట్టికి మూతలు సరిగా పెట్టడం, చల్లటి గొట్టాలకు చిరిగిన తొడుగు మార్చడం ఖరీదైన పనులు కావు. మీటరు రీడింగును తయారైన ఐసు బరువుతో భాగించి రోజూ రాసుకుంటే తేడా కంటికి కనిపిస్తుంది.

ధాన్యం మిల్లులో వంద కిలోల వడ్లకు సుమారు 20 కిలోల ఊక వస్తుంది. దాన్ని బాయిలరులో మండిస్తే అందులో ఐదో వంతు బూడిదగా మిగులుతుంది. ఉప్పుడు బియ్యం మిల్లులో నానబెట్టిన నీరు పులిసి వాసన కొడుతుంది. శుద్ధి చేయకుండా వదిలితే మురుగు కాలువలో చేపలకు ఊపిరాడదు. బాయిలరులోకి గాలి సరిగా అందేలా చూస్తే ఊక తక్కువ పడుతుంది, పొగ తగ్గుతుంది. మిగిలిన ఊకను అమ్ముకోవచ్చు. బూడిదను ఇటుకల్లో, సిమెంటులో వాడతారు. ఒక యూనిట్ వ్యర్థాన్ని మరో యూనిట్‌కు ముడిసరుకుగా చేర్చేందుకు రాష్ట్ర పర్యావరణ నిర్వహణ సంస్థ 2020లో ఆన్‌లైన్ వ్యర్థ మార్పిడి వేదికను తెచ్చింది.

ఇటుక బట్టీల కథలో ఇష్టం చట్టంగా మారింది. బట్టీలో పచ్చి ఇటుకలను వేడిగాలి వంకరటింకరగా తిరిగేలా పేర్చే జిగ్‌జాగ్ పద్ధతిని కొందరు యజమానులు బొగ్గు ఆదా అవుతుందని ముందే పట్టుకున్నారు. నల్ల పొగ కూడా తగ్గింది. ఆ అనుభవం ఉండబట్టే కేంద్రం 2022 ఫిబ్రవరిలో బట్టీలన్నీ జిగ్‌జాగ్ పద్ధతికో, శుభ్రమైన మరో పద్ధతికో మారాలని నిబంధన తేగలిగింది.

కొబ్బరి పీచు

కోనసీమకు కొబ్బరి అన్నం పెట్టే చెట్టు. డొక్క నుంచి కిలో పీచు తీస్తే సుమారు రెండు కిలోల పొట్టు మిగులుతుంది. లిగ్నిన్ ఎక్కువ కాబట్టి పొట్టు తొందరగా కుళ్లదు. వానాకాలంలో కుప్పల నుంచి కారే ఎర్రటి టానిన్ నీరు బోదెల్లోకి దిగుతుంది. కాయర్ బోర్డు రూపొందించిన ‘పిత్‌ప్లస్’ అనే పుట్టగొడుగుల శిలీంధ్రాన్ని, కొద్దిగా యూరియాను పొరలు పొరలుగా కలిపి తడుపుతూ ఉంచితే నెల రోజుల్లో పొట్టు నల్లటి ఎరువు అవుతుంది. ఎగుమతికి పోయే పొట్టు దిమ్మెల విషయంలో మరో జాగ్రత్త ఉంది. ఉప్పు పోవడానికి పొట్టును మంచినీటితో పదేపదే కడుగుతారు. రెండో కడుగు నీటిని తర్వాతి కుప్పకు తొలి కడుగుగా వాడితే నీటి ఖర్చు బాగా తగ్గుతుంది.

చేరే దారి: జెడ్ పథకం

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా తయారీ యూనిట్లకు ఇప్పుడు అందుబాటులో ఉన్న ప్రధాన కార్యక్రమం ‘జెడ్’. సరుకులో లోపం ఉండకూడదు, తయారీ వల్ల పర్యావరణానికి హాని ఉండకూడదు అన్నది దాని అర్థం. 2016లో మొదలైన ఈ పథకాన్ని 2022 ఏప్రిల్‌లో సవరించారు. ఉద్యమ్ అనే ప్రభుత్వ నమోదు ఉన్న యూనిట్ ముందు ప్రతిజ్ఞ తీసుకుంటుంది. తర్వాత కంచు, వెండి, బంగారు స్థాయిల్లో ఒకదానికి దరఖాస్తు చేస్తుంది. సవరించిన పథకంలో వీటి రుసుములు వరుసగా 10 వేలు, 40 వేలు, 90 వేల రూపాయలు. సూక్ష్మ యూనిట్లకు అందులో 80 శాతం, చిన్నవాటికి 60, మధ్యతరహా వాటికి 50 శాతం రాయితీ. ప్రతిజ్ఞ చేసిన యూనిట్‌కు 10 వేల ప్రోత్సాహకం ఉండడంతో తొలి మెట్టు దాదాపు ఉచితం. మహిళల యూనిట్లకు 2023లో పూర్తి రాయితీ ప్రకటించారు. కంచు స్థాయికి చూసే ఐదు అంశాల్లో పని స్థలం శుభ్రత, కార్మికుల భద్రత, వేళకు సరుకు అందించడం, నాణ్యత ఉన్నాయి. విద్యుత్తు, వ్యర్థాల వంటి పర్యావరణ అంశాలు పై మెట్లలో బలంగా వస్తాయి. కాబట్టి కంచు దగ్గర ఆగిపోయిన యూనిట్ అసలు ఉద్దేశానికి గుమ్మం దగ్గరే నిలిచిపోయినట్టు.

పరిమితులు

ఈ కార్యక్రమాల మీద విమర్శలూ గట్టివే. 2000లో ఆండ్రూ కింగ్, మైకేల్ లెనాక్స్ అనే పరిశోధకులు అమెరికాలో రెస్పాన్సిబుల్ కేర్ సభ్యులను, బయటి సంస్థలను పోల్చి చూశారు. సభ్యులు బయటివారి కంటే వేగంగా మెరుగుపడలేదని తేలింది. అప్పట్లో అందులో నియమం తప్పితే శిక్ష గానీ, బయటి తనిఖీ గానీ లేదు. అలాంటి చోట పేరు కోసం చేరినవాళ్లు కష్టపడేవాళ్ల నీడన దాక్కుంటారు. 33/50 విషయంలోనూ, తగ్గుదలలో కొంత ఆ కార్యక్రమం మొదలవక ముందే జరిగిందని పరిశోధకులు చూపారు.

డెల్టాకు సొంత ఇబ్బందులు ఉన్నాయి. చాలా చెరువులు కౌలు మీద నడుస్తాయి. ఏడాదికో రెండేళ్లకో చేతులు మారే చెరువు అడుగు బురద గురించి కౌలుదారు అంత దూరం ఆలోచించలేడు. రొయ్య ధర పడిపోయిన ఏడాది సంఘం కట్టుబాటు సడలుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, స్వచ్ఛందం చట్టానికి బదులు కాదు. వరి పొలాల నడుమ అనుమతి లేకుండా తవ్విన చెరువు, పక్క పొలాన్ని చౌడు చేసే ఊట నీరు ఇష్టాయిష్టాలకు వదిలేసే విషయాలు కావు. అక్కడ చట్టమే పని చేయాలి.

అయినా చట్టం ఒక్కటే మొగల్తూరు రైతుల చేత ఒకే వారంలో పిల్ల వదిలించలేదు. పక్కవాడి చెరువు మునిగితే తనదీ మునుగుతుందని తెలిసిన చోట, అందరికీ కనిపించేలా లెక్క రాసుకున్న చోట, మాట నిలిచింది. కె.గంగవరం వంటి మండలంలో ఇది కొత్తగా పెద్ద పథకంతో మొదలవ్వక్కర్లేదు. ఒకే మురుగు కాలువ మీద ఉన్న మిల్లు, చెరువు, పీచు యూనిట్ యజమానులు నెలకోసారి ఒకరి జాగాలో ఒకరు కూర్చుని, కరెంటు రీడింగు, మేత బస్తాలు, వదిలిన నీరు ఒక పుస్తకంలో రాసుకోవడం మొదటి మెట్టు. ఆ పుస్తకంలో నిజం రాసినంత కాలం, గౌతమి దిగువకు ఎలాంటి నీరు పంపుతున్నామో ఆ ఊరికి తెలుస్తూ ఉంటుంది.